ఊరిని బట్టి కూలి

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది మనవళ్ళు పుట్టినాక. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడబడతాను. నాలుగు వరుసలు రాసేలోపల పొయ్యి మీద ఎసరు మరిగి పొంగిపోతుంది. తప్పులుంటే మన్నించి, నోటితో సరిచేసుకుని చదువుకోండి. రాతకే ఈ మన్నింపు. కథకు అడగను.

ఎమర్జెన్సీ వచ్చిన ఏడాది కుప్పం పక్కన ఒక చిన్న పల్లె నుంచి చంకన నాలుగేండ్ల కొడుకుతో గంగులమ్మ, ఆమె మొగుడు మారప్ప, మారప్ప చెల్లెలు వెంకటమ్మ మూటలు నెత్తిన పెట్టుకుని మదనపల్లెలో బస్సు దిగారు. వరసగా వానల్లేవు. శెనక్కాయలు వేసిన చోట శెనక్కాయలు రాలేదు, రాగులు చల్లిన చోట రాగులు మొలవలేదు. ఉన్న ఒక్క రైతు చిన్నప్ప దగ్గర కూలికి పోతే ఏడాదిలో నాలుగు నెలలే పని. ఆ నాలుగు నెలలూ రూపాయిన్నర, ఇంత సద్ది గంజి.

మారప్పకు మార్కెట్టులో మూటలు మోసే పని దొరికింది. ఆడవాళ్ళిద్దరూ పాత బస్టాండు వెనక సందులో ఖాదర్ వలి పట్టు షెడ్డుకు పోయారు. రేకుల కప్పు, పొగ, లోపల ఎనిమిది పొయ్యిలు. సందు మొదట్లోకి పోతేనే ఉడికిన పట్టుపురుగు కంపు ముక్కులో గుచ్చుకుంటుంది. వెంకటమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"తీసేయమ్మా ఆ కొంగు. రెండు దినాలు పోతే అన్నం కూడా ఇదే వాసనేస్తాది, అప్పుడేం చేస్తావు?" అంది షెడ్డు వాకిట్లో మంచం మీద కూర్చున్న ముసలామె. ఆమె ఖాదర్ వలి తల్లి అజీజాబీ. వక్కలు కత్తిరిస్తూ వచ్చేపోయే వాళ్ళను కనిపెట్టడం ఆమె పని.

ఖాదర్ వలి అప్పటికి ముప్పై దాటని మనిషి. కోపం తక్కువ, లెక్క ఎక్కువ. "యా ఊరు మీది?" అన్నాడు.

"కుప్పం కాడ, సాయిబూ."

"ఆడ కూలెంత?"

గంగులమ్మ తల ఎత్తి చెప్పింది. "రూపాయిన్నర, గంజి."

ఆమె తప్పంతా అదే. అడిగితే ఉన్నది చెప్పడం. వాళ్ళ పల్లెలో కూలి గురించి అబద్ధం చెప్పే అవసరం ఎవరికీ రాలేదు. ఇచ్చేది ఒక్క చిన్నప్ప, పుచ్చుకునేది ఊరంతా. దాచడానికి ఏముంది?

"అయితే అదే ఇస్తా. గంజి లేదు గానీ ఏడాదంతా పనుంటాది. సమ్మతమా?"

ఏడాదంతా అనే మాట విని గంగులమ్మ కళ్ళు మెరిశాయి. సరేనంది. ఆమె వెనకే నిలబడి ఉంది పుంగనూరు నుంచి వచ్చిన సరోజమ్మ. ఆమెను కూడా అదే ప్రశ్న అడిగితే, పుంగనూరులో తనకు వచ్చేదానికి మరో అర్ధ రూపాయి కలిపి "రెండున్నర" అంది, కన్నార్పకుండా. రెండున్నరే ఖాయమైంది. మదనపల్లె ఆడవాళ్ళకు అప్పటికే మూడు రూపాయలు.

ఆ దినం నుంచి షెడ్డులో మూడు కూలీలు. మదనపల్లె కూలి, పుంగనూరు కూలి, కుప్పం కూలి. తర్వాత కుప్పం దిక్కు నుంచి ఎవరొచ్చినా, "మీ కూలి గంగులమ్మ చెప్పిపెట్టిందమ్మా" అనేవాడు ఖాదర్ వలి. వాళ్ళు వచ్చి గంగులమ్మను తిట్టేవాళ్ళు. "నీ నాలికను యాడన్నా తాకట్టు పెట్టుకోరాదా, రెండని చెప్పడానికి ఏమొచ్చింది నీకు?" అని.

పని ఇట్లా ఉంటుంది. పొయ్యి మీద వెడల్పాటి కాగు, అందులో మరిగే నీళ్ళు, నీళ్ళ మీద తేలే పట్టుగూళ్ళు. ఒక మనిషి కాగు ముందు కూర్చుని వేళ్ళతో గూళ్ళను కదిలించి, పోగుల కొసలు పట్టి, అన్నీ ఒకటిగా కలిపి చక్రానికి అందించాలి. రెండో మనిషి చక్రం తిప్పాలి. నిదానిస్తే దారం లావెక్కుతుంది, గుంజితే తెగుతుంది. వేడినీళ్ళలో చేతులు పొద్దంతా పెడితే చర్మం ఊడి వస్తుంది. అందుకని మధ్యాహ్నం సంగటి తిన్నాక ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. పొద్దున కాగు దగ్గర ఉన్నది మాపటికి చక్రం దగ్గర, చక్రం దగ్గర ఉన్నది కాగు దగ్గర.

గంగులమ్మ జోడీ సఫియా. మదనపల్లె మనిషి, వయసులో నాలుగేళ్ళు పెద్ద. గంగులమ్మ ఆమెను ఆపా అని పిలిచేది. మనిషి మంచిదే, నోరు మాత్రం ఉప్పూ కారం.

"నిదానంగా తిప్పు గంగులూ. కుప్పం కూలికి మదనపల్లె తిప్పుడు తిప్పుతాండావు, భుజం పోతాది."

"నువ్వు సరింగా పోగు పట్టాపా. మూడు రూపాయల పోగు మాదిరి లేదది."

పక్క పొయ్యి నుంచి సరోజమ్మ నవ్వేది. ఆమెను ఇద్దరూ కలిసి పట్టుకునేవాళ్ళు. "నవ్వొద్దు మే. మీ ఊరి ఆవు మాదిరే మీ కూలి కూడా, ఎంత మేపినా పొడుగు కాదు" అని. పుంగనూరు ఆవు ఎంత పొట్టిదో అందరికీ తెలుసు. "పొట్టిదైనా పాలు చిక్కగా ఇస్తాది. మీ కుప్పంలో ఆవులకు గడ్డి కూడా లేదు" అని సరోజమ్మ తిప్పికొట్టేది.

నవ్వులాటలే అన్నీ. శుక్రవారం సెలవు కాబట్టి బేస్తవారం సాయంత్రం కూలి ఇచ్చేవాళ్ళు. ఆ ఒక్క సాయంత్రం నవ్వులుండవు. ఒకే కాగులో చేతులు పెట్టిన ఇద్దరు పక్కపక్కన నిలబడి, ఒకరు తక్కువ, ఒకరు ఎక్కువ తీసుకుని, ఒకరి చేతి దిక్కు ఒకరు చూడకుండా ఇండ్లకు పోతారు.

ఏండ్లు గడిచాయి. బియ్యం రేటు పెరిగింది, పట్టు రేటు పెరిగింది, కూలీలూ పెరిగాయి. ఒక ఊరికి పెంచితే మూడు ఊళ్ళకూ పెంచేవాడు, కానీ మెట్లు మాత్రం అట్లాగే. ఎనభై ఆరు వచ్చేసరికి మదనపల్లె వాళ్ళకు పది, పుంగనూరు వాళ్ళకు తొమ్మిది, కుప్పం వాళ్ళకు ఎనిమిది. గంగులమ్మ షెడ్డుకు వచ్చి పదకొండేండ్లు. కొడుకు ఈడనే బడికి పోయి, ఈడనే మీసాలు తెచ్చుకున్నాడు. అయినా ఆమె కుప్పం కూలిదే.

ఒకసారి అడిగింది కూడా. "సాయిబూ, పదకొండేండ్లుగా ఈ ఊరి నీళ్ళు తాగుతాండా. ఇంకా నేను కుప్పం మనిషినేనా?"

ఖాదర్ వలి కోప్పడలేదు. "సూడమ్మా, నేను ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. మీ ఊళ్ళో మీకేమొస్తాదో దానికి ఒక్క పైసా తగ్గించినానా? పేద ఊరి మనిషికి పేద కూలి. నేను పెట్టిన ఆనవాయితీ కాదిది, లోకంలో ఉండేదే. నా పట్టు బెంగుళూరు పోతే ఆడి సేట్లు ఏమంటారో తెలుసా? మదనపల్లె పట్టా, అయితే ఇంతే. శిడ్లఘట్ట పట్టుకయితే ఎక్కువ రేటు. రెండూ పక్కపక్కన పెట్టి కండ్లు మూసుకుని తడిమితే వాళ్ళకే తెలీదు, ఏది ఏదో. నా కడుపు మండదా?"

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొగం నిజంగానే కందిపోయింది. గంగులమ్మ పోయి చక్రం పిడి పట్టుకుంది.

ఆ ఏడు కుప్పం గంగ జాతరకు ఆమె, వెంకటమ్మ ఊరికి పోయారు. నాలుగేండ్ల తర్వాత పోవడం. జాతర అయిన మర్నాడు తెల్లారగానే పల్లెలో ఒక్క ఆడమనిషి కనపడలేదు. ఎక్కడని అడిగితే, పిల్లకు గంజి తాపుతున్న ఒక ముసలామె రైలు స్టేషను దిక్కు చెయ్యి చూపించింది. "బెంగుళూరుకే. ఆడ మిద్దెలు కడతాండారంట, ఇసక మోసేదానికి పోతాండారు. పొద్దున బండికి పోయి మాపటి బండికి వస్తారు. నా కోడలు బండిలోనే నిద్ర, బండిలోనే తల దువ్వుకునేది."

ఎండెక్కేసరికి వాకిట్లో ఎవరో దగ్గారు. చిన్నప్ప. ఆయన తన బతుకులో కూలివాళ్ళ వాకిలి తొక్కిన మనిషి కాదు. పొలం గట్టు మీద నుంచి కేకేస్తే పరిగెత్తి పోవాల్సిందే. ఆ చిన్నప్ప చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"గంగులమ్మా, ఎప్పుడొచ్చినావమ్మా? పిల్లోళ్ళు బాగుండారా?"

"ఉండారప్పా. ఏమి ఇట్లొచ్చినారు?"

"ఏంలేదమ్మా. శెనక్కాయల్లో కలుపు మోకాలెత్తు వచ్చేసినాది. తీసే దిక్కు లేదు. ఉండేది రెండు దినాలే కదా, ఒక దినం వచ్చి చెయ్యి వేస్తావేమోనని."

గంగులమ్మకు నవ్వు పొంగింది, ఆపుకుంది. "కూలెంతప్పా?"

"పన్నెండిస్తాండా."

"ఎంత?"

"పన్నెండమ్మా. పొద్దున కాఫీ కూడా. చాలదంటావా?" చిన్నప్ప గొంతులో భయముంది. చాలదంటే ఇంకో రూపాయి వేసేదానికి తయారుగా వచ్చాడని తెలిసిపోతోంది.

"గంజి లేదా అప్పా?" అంది వెంకటమ్మ లోపల నుంచి. గంగులమ్మ ఇంక ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

పనికి పోయారు ఇద్దరూ. ఒక దినం కలుపు తీసి, కాఫీ తాగి, పన్నెండూ తీసుకున్నారు. డబ్బు కోసం కాదు, చిన్నప్ప చేతి నుంచి ఆ నోట్లు రావడం చూడాలని.

మదనపల్లెకు తిరిగొచ్చిన మర్నాడే గంగులమ్మ ఖాదర్ వలి ముందు నిలబడింది. "సాయిబూ, మా ఊళ్ళో కూలి మారింది."

"ఎంతయింది?" అన్నాడు ఆయన నవ్వుతూ.

"పన్నెండు. కాఫీ వేరే."

నవ్వు ఆగిపోయింది. ఆయన నమ్మలేదు. కుప్పం నుంచి గూళ్ళు తెచ్చే దళారిని పిలిపించి అడిగాడు. దళారి తల కొట్టుకుని, "ఏం చెప్పమంటావు భాయ్, ఆడ మనుషులు దొరకతాలేదు. పన్నెండిచ్చి బతిమాలుకోవాల" అన్నాడు. ఖాదర్ వలి వాకిట్లోకి పోయి తల్లితో ఏదో మాట్లాడి వెనక్కి వచ్చాడు.

"నా మాట నేను తప్పను. ఊరిని బట్టి కూలి అన్నాను, ఊరిని బట్టే ఇస్తా. కుప్పం వాళ్ళు నలుగురికీ ఈ వారం నుంచి పన్నెండు. తక్కినోళ్ళకు ఎప్పుడూ ఉండేదే."

షెడ్డంతా విన్నది. మంచం మీద అజీజాబీ వక్క నోట్లో వేసుకుని నవ్వింది. ఆ ముసలామెకు తెలుసు, నలుగురికి ఎక్కువ పెడితే మిగిలిన పన్నెండు మంది పోట్లాడేది యజమానితో కాదని.

అట్లాగే అయింది. సఫియా మాట్లాడడం మానేసింది. పోగు అందించేది, తెగితే ముడి వేసేది, ఇక అంతే. మూడో దినం ఒకే ఒక్క మాట అంది. "నీ ఊరు గొప్ప ఊరయింది కదా గంగులూ. ఇంక నాతో నీకేం పని?"

సరోజమ్మ అయితే ఎదురుపడితే పక్కకు తొలగి దారి ఇచ్చేది. "పెద్ద ఊరోళ్ళు పోతాండారు, జరగండమ్మా జరగండి."

బేస్తవారం పన్నెండు లెక్కన కూలి తీసుకున్నారు. శుక్రవారం కొళాయి దగ్గర బిందెలు పెట్టుకుని కూర్చున్నప్పుడు గంగులమ్మ అంది, "వెంకటమ్మా, ఈ కూలి నాకు ఒంటబట్టడం లేదు."

వెంకటమ్మ బిందె దింపేసింది. "ఏమొదినా నీకు, పిచ్చి గానీ పట్టిందా? పదకొండేండ్లు వాళ్ళు తిన్నారు, మనం సూస్తా ఉన్నాం. ఒక్క వారం మనం తింటే ఒంటబట్టదా? అప్పుడు ఆ సఫియా వచ్చి నా మూడు రూపాయల్లో నీకొక పావలా అన్నదా?"

"అనలేదు."

"మరి?"

"అనలేదనే చెప్తాండా. అప్పుడు ఆమె అనలేదు, ఇప్పుడు నేను అనను. రేపు వానలొచ్చి పుంగనూరు గొప్పదైతే సరోజమ్మ అనదు. బెంగుళూరులో మిద్దెలు కట్టేది ఆగిపోతే మళ్ళీ మన కూలి పడిపోతాది, అప్పుడూ ఎవరూ అనరు. సాయిబుకు కావాల్సింది అదే కదా మే. నేను చేసిన పనికి కూలియ్యమంటాండా. యాడో బెంగుళూరులో ఎవరో మిద్దె కట్టుకుంటాండారని కాదు."

"ఉండేది కూడా ఊడగొడతావు."

"ఊడితే ఊరికి పోదాం. చిన్నప్ప కాఫీ పెట్టుకుని కూర్చోనుండాడు."

వెంకటమ్మకు కోపంలో కూడా నవ్వొచ్చింది. కానీ సరే అనలేదు. బిందె ఎత్తుకుని పోయింది.

శనివారం పొద్దున. పొయ్యిలు అంటుకున్నాయి. సఫియా కాగులో గూళ్ళు వేసింది, అవి మెత్తబడ్డాయి, కొసలు దొరికాయి. పోగు చక్రానికి తగిలించి, తల ఎత్తకుండా "తిప్పు" అంది.

గంగులమ్మ తిప్పలేదు.

"తిప్పు మే, నీళ్ళు మరుగుతాండాయి."

"ఆపా, నీ కూలెంత?"

"తెలిసీ ఎగతాళా?"

"ఎగతాళి కాదు. గట్టిగా చెప్పు."

"పది!" అని అరిచింది సఫియా. పక్క పొయ్యిల వాళ్ళు తిరిగి చూశారు.

"నాది పన్నెండు. మధ్యాహ్నం నేను ఆడ కూర్చుంటా, నువ్వు ఈడ నిలబడతావు. చోటు మారినా నీది పదే, నాది పన్నెండే. ఒకే కాగు, ఒకే పోగు. ఈ పోగులో యాడిదాకా కుప్పం, యాడి నుంచి మదనపల్లె? చూపిస్తే తిప్పుతా."

సఫియా ఆమె మొగంలోకి చూసింది. వారం తర్వాత మొదటిసారి చూడడం. "ఏం చేద్దామని?"

"అందరికీ ఒకటే కూలి. అప్పటిదాకా నేను తిప్పను."

ఖాదర్ వలి వచ్చాడు. "ఏందమ్మా ఇది? నువ్వడిగిందే కదా ఇచ్చినాను! నీకు తక్కువ చేసినానా?"

"నాకు తక్కువ చెయ్యలేదు సాయిబూ. ఆపాకు చేసినావు. ఇన్నేండ్లు నాకు చేసినావు. ఎవరికో ఒకరికి చెయ్యకుండా నీకు పొద్దుపోదు."

"అది ఊరిని బట్టి..."

"బెంగుళూరు సేటు నీ పట్టు చేతిలో పట్టుకుని, ఇది యా ఊరిదని అడిగితే నీకు కడుపు మండిందా లేదా? నువ్వే చెప్పినావు కదా. సేటు నిన్నడిగితే అన్యాయం, నువ్వు మమ్మల్నడిగితే ఆనవాయితీనా?"

ఖాదర్ వలి మొగం ఆ దినం మాదిరే కందిపోయింది. గొంతు పెంచాడు. "పో, నువ్వు తిప్పకపోతే శిడ్లఘట్ట నుంచి మనుషుల్ని తెస్తా."

"తీసుకురా. ఆడ కూలెంతో అడిగి తీసుకురా." ఎవరో కిసుక్కున నవ్వారు. శిడ్లఘట్టలో కూలి ఇంకా ఎక్కువని షెడ్డులో అందరికీ తెలుసు.

"అయితే నీకు ఈడ పని లేదు. పో."

"పోతా." గంగులమ్మ కొంగు దులిపి నడుముకు చుట్టుకుంది. "నువ్వు పొమ్మంటే ఏడ్చుకుంటా పోయే దినాలు అయిపోయినాయి సాయిబూ. మా ఊళ్ళో నా కోసం వాకిట్లో నిలబడుకోనుండారు. ఇన్నాళ్ళూ నువ్వు ఉండమంటే ఉండినాను, ఇప్పుడు నా ఇష్టమైతేనే ఉంటాను."

ఆమె రెండడుగులు వేసిందో లేదో, సఫియా కాగులోంచి చేతులు తీసేసింది. తీసి, చీర అంచుకు మెల్లగా, ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. ఆమె తుడుచుకోవడం పక్క పొయ్యి వాళ్ళు చూశారు. సరోజమ్మ జోడీ చక్రం వదిలేసింది. సరోజమ్మ కూడా చేతులెత్తింది. "నేనేమో రెండున్నర అని దబాయించి తెచ్చుకున్నదాన్ని. నాకే సిగ్గవుతా ఉండాది, ఇంక కూర్చోనేదెట్లా?" అంది. వెంకటమ్మ మూలలో చక్రం పిడి పట్టుకుని వదినను కొరకొరా చూసింది. చూసి చూసి, "నా పన్నెండు పోతే మాత్రం నీ ఇంట్లోనే తింటా" అని పిడి వదిలేసింది.

ఎనిమిది పొయ్యిలు, ఎనిమిది కాగులు. గూళ్ళన్నీ నీళ్ళలో ఉన్నాయి. ఎక్కువసేపు ఉడికితే పోగు రాదు, ముద్దవుతుంది. అది ఆ షెడ్డులో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి అజీజాబీ. పెళ్ళయిన కొత్తలో ఆమె కూడా మొగుడి పక్కన కూర్చుని అదే కాగులో చేతులు పెట్టింది. మంచం దిగి లోపలికి వచ్చింది. నీళ్ళ దిక్కు చూసింది, కొడుకు దిక్కు చూసింది.

"క్యారే ఖాదర్, దీన్ని తరిమితే చక్రం నువ్వు తిప్పుతావా? నన్ను తిప్పమంటావా ఈ వయసులో?"

"అమ్మా, నువ్వే కదా చెప్పినావు, నలుగురికిస్తే..."

"చెప్పినా. తప్పయిపోయింది. గూళ్ళు పోయినాక నా తెలివి ఉడకేసుకుని తింటావా?"

ఖాదర్ వలి రేకుల కప్పు దిక్కు చూశాడు. నీళ్ళు గుడగుడమని మరుగుతున్నాయి.

"పదకొండు" అన్నాడు చివరికి. "అందరికీ పదకొండు. ఊరు గీరూ లేదు. పోయి కూర్చోండి."

మదనపల్లె వాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకొక రూపాయి పెరిగింది. పుంగనూరు వాళ్ళకు రెండు. సఫియా చెయ్యి నీళ్ళ దిక్కు పోబోయి ఆగింది. ఆమె గంగులమ్మను చూస్తోంది. గంగులమ్మ వాకిట్లోనే నిలబడింది, వెనక్కి రాలేదు.

"నిన్నే. తిప్పు పో" అన్నాడు ఖాదర్ వలి.

"నన్ను పొమ్మన్నావు సాయిబూ."

"రమ్మంటాండా ఇప్పుడు."

"నన్ను రమ్మనాలంటే మా ఊరి రైతు పన్నెండిచ్చి పిలుస్తాండాడు. చెప్పులు విడిచి పిలుస్తాండాడు. నీకంటే ముందు పిలిచినాడు. పదకొండుకు నేనెందుకొస్తాను? నా పక్కనోళ్ళు మాత్రం ఎందుకొస్తారు?"

"అమ్మా తల్లీ, గూళ్ళు ఉడికిపోతాండాయి!"

"నాకూ కనపడతాండాది."

సఫియా గట్టిగా నవ్వేసింది. వారం దినాలుగా లోపల పెట్టుకున్నదంతా ఆ నవ్వులో బయటికి వచ్చింది. "సాయిబూ, ఒప్పుకో. ఈమె నోరు నీకు తెలీదు, పదకొండేండ్లుగా నేను భరిస్తాండా."

ఖాదర్ వలి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "పన్నెండు. అందరికీ పన్నెండు. తిప్పమ్మా!"

గంగులమ్మ లోపలికి వచ్చింది. పరిగెత్తలేదు, మామూలుగా నడిచి వచ్చింది. చక్రం పిడి పట్టుకుని, "పోగు పట్టాపా" అంది. సఫియా చేతులు మరిగే నీళ్ళలోకి దించి, "హుఁ, కుప్పం దానికి ఎంత పొగరు!" అని గొణుక్కుంటూ కొసలు వెతికి అందించింది. తెగకుండా, లావెక్కకుండా చక్రం తిరిగింది.

— పూలమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉండేది పుంగనూరులో, కూతురి ఇంట్లో.